శివారు ఇంటి తోటకు ఐడియాలు ఎక్కడ వెతకాలి? తుర్కయంజాల్ 300 గజాల ఇంటి ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తుర్కయంజాల్ దగ్గర వెంచర్‌లో 300 గజాల స్థలం, తూర్పు ముఖం ఇల్లు, పైన ఒక అంతస్తు. ముందు 15 అడుగులు, వెనక 8, రెండు పక్కలా అయిదేసి అడుగులు ఖాళీ. పోయిన ఏడాది జనవరిలో 40 మొక్కలు నాటితే మే నెలాఖరుకు 28 ఎండిపోయాయి. ఫోన్లో వందల ఫొటోలు దాచుకున్నారు కానీ ఏదీ మీ ఇంటికి అతకడం లేదు. తోట బాగుచేసుకోవడానికి ఐడియాలు ఎక్కడ వెతకాలి, దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు.

నేరుగా చెప్తాను. మీ ఇంటి చుట్టూ కిలోమీటరు దూరంలో, ఏప్రిల్ ఆఖరు నుంచి మే ఆఖరు దాకా ఏ మొక్క పచ్చగా నిలబడిందో తిరిగి రాసుకోండి. మీ స్థలంలో ఏ నెలలో ఎండ ఎక్కడ పడుతుందో కాగితం మీద గీసుకోండి. ఈ రెండూ చేతిలో ఉంటే ఫోన్లో దాచుకున్న ఫొటోలు కూడా పనికొస్తాయి. అవి లేకుండా ఎన్ని తోటలు చూసినా మళ్లీ 40 మొక్కలు కొని మళ్లీ 28 పారేయాల్సి వస్తుంది. ఇప్పుడు ఫిబ్రవరి కాబట్టి మీకు నాలుగు నెలల టైముంది. మృగశిర కార్తె, అంటే జూన్ 8 ప్రాంతం, వచ్చేదాకా నేలలో కొత్త మొక్క పెట్టకండి.

మే నెల ఎందుకంటే, మన దగ్గర వానలు పడ్డాక ఆగస్టులో ప్రతి తోటా బాగుంటుంది, డిసెంబరులో ప్రతి నర్సరీ పూలతో కళకళలాడుతుంది. ఆ రోజుల్లో చూసింది నమ్మితే మోసపోతాం. 41, 42 డిగ్రీల ఎండలో, మీ పక్క బోరు నీళ్లతోనే, మీలాంటి మట్టిలోనే నిలబడిన మొక్క చెప్పేది నమ్మొచ్చు. సాయంత్రం అయిదున్నరకు బయల్దేరి నాలుగు వీధులు తిరగండి. బాగున్న మొక్క కనిపిస్తే ఆ ఇంటివాళ్లను మూడు ప్రశ్నలు అడగండి: నాటి ఎన్నేళ్లయింది, ఎండాకాలం వారానికి ఎన్నిసార్లు నీళ్లు పోస్తారు, బోరు నీళ్లా కుళాయి నీళ్లా. మొక్క ఇంటికి ఏ దిక్కున ఉందో పక్కనే రాసుకోండి. దిక్కు రాయకపోతే ఆ సమాచారం సగమే.

మీ వైపు ఇలా తిరిగితే సాధారణంగా కనిపించేవి నందివర్ధనం, దేవగన్నేరు, కాగితం పూలు, ముద్ద మందారం, గోరింటాకు, పారిజాతం, కరివేపాకు, మునగ, సీతాఫలం. "ఇవన్నీ మామూలువే కదా" అనిపించొచ్చు. మామూలు మొక్కల్నే ఎలా పేర్చాలన్నదే అసలు ఐడియా, దాని సంగతి కింద చెప్తాను. గన్నేరు కూడా చాలా ఇళ్లలో ఉంటుంది. అది ఎండకు గట్టి మొక్కే కానీ ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. ఇంట్లో చిన్నపిల్లలుంటే పెట్టొద్దు.

ఎండ లెక్క

మీ 28 మొక్కలు పోవడానికి సగం కారణం ఇక్కడే ఉండొచ్చు. హైదరాబాద్‌లో డిసెంబరు ఆఖరున మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణంగా, సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మీ ఇల్లు 24 అడుగుల ఎత్తు అనుకుంటే ఉత్తరం వైపు దాదాపు 20 అడుగుల నీడ పడుతుంది. అంటే ఉత్తరం పక్క 5 అడుగుల సందు చలికాలమంతా చీకటే. జనవరిలో అది చూసి "ఇది నీడ జాగా" అని ఫెర్న్‌లు, కలాడియంలు, పీస్ లిల్లీలు పెడతాం.

మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిలువు కర్రకు నీడ ఉండదు. అక్కడి నుంచి ఆగస్టు 3 ప్రాంతం దాకా మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు. అంటే మీ చీకటి సందులోకి సంవత్సరం మొత్తంలో కాల్చేసే ఎండ వచ్చేది వానలకు ముందు ఆ నాలుగైదు వారాలే. నీడకు అలవాటుపడిన లేత ఆకు మాడిపోవడానికి మూడు రోజులు చాలు. నీళ్లు సరిపోలేదేమో అని ఇంకా పోస్తాం, వేరు కుళ్లి మొక్క పూర్తిగా పోతుంది.

దక్షిణం సందుది ఇంకో సమస్య. ఇప్పుడు పక్క ప్లాటు ఖాళీగా ఉంటే చలికాలం ఎండ బాగా వస్తుంది, కూరగాయలకు భలే జాగా అనిపిస్తుంది. రేపు అక్కడ మీ అంత ఇల్లే లేస్తే, డిసెంబరులో దాని 20 అడుగుల నీడ మీ సందును పూర్తిగా కప్పేస్తుంది. కాబట్టి అక్కడ నేలలో శాశ్వతమైనవి పెట్టొద్దు, కుండీలూ గ్రో బ్యాగులే పెట్టండి.

గీయడం కష్టం కాదు. గ్రాఫ్ కాగితం మీద ఒక గడి ఒక అడుగు అనుకుని స్థలం గీయండి. ఉదయం 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకు నీడ అంచు ఎక్కడుందో నేల మీద సుద్దముక్కతో గుర్తుపెట్టి కాగితం మీదకు ఎక్కించండి. ఈ నెలలో ఒకసారి, మే మధ్యలో ఒకసారి చేస్తే చాలు. సంపు, సెప్టిక్ ట్యాంకు, డ్రైనేజీ పైపు, బోరు ఎక్కడున్నాయో కూడా అదే కాగితం మీద వేయండి.

మట్టి, నర్సరీ ముద్ద

కొత్త వెంచర్లలో ఇంటి ముందు అడుగు లోతులోనే సిమెంటు ముద్దలు, ఇటుక ముక్కలు, సున్నం, మొరం ఉంటాయి. దాని మీద ఆరంగుళాలు ఎర్రమట్టి పరిచి "తోట రెడీ" అంటారు. నీళ్లు పైమట్టి దాటి కిందికి దిగవు. వానాకాలం వేరు కుళ్లుతుంది, ఎండాకాలం పైమట్టి పెనంలా కాలుతుంది. పరీక్ష ఇలా చేయండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి, ఇంకనివ్వండి, మళ్లీ నింపండి. రెండోసారి నాలుగైదు గంటల్లో ఇంకితే మంచి నేల. మర్నాటికి కూడా నీళ్లు నిలిచే ఉంటే, అక్కడ గునపంతో రెండడుగుల లోతు దాకా కింది పొర పగలగొట్టకుండా ఏమీ నాటొద్దు.

ఇక నర్సరీ మొక్క సంగతి. హైదరాబాద్ నర్సరీలకు వచ్చే మొక్కల్లో చాలావరకు గోదావరి ఒడ్డున కడియం నుంచి వస్తాయి. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, మొక్క వేరు చుట్టూ జిగట మట్టి ముద్ద. కవరు చించి ఆ ముద్దను అలాగే మన ఎర్ర ఇసుక నేలలో పెడితే, పోసిన నీళ్లు సులువైన దారి చూసుకుని ముద్ద పక్కగా జారిపోతాయి. చుట్టూ మట్టి తడిగా, ముద్ద లోపల రాయిలా పొడిగా ఉంటుంది. ఎండిపోయిన మీ మొక్కల్లో ఒకదాన్ని పీకి ముద్ద పగలగొట్టి చూడండి, వేళ్లు ముద్ద దాటి బయటికి రాకపోతే కారణం ఇదే. దీనికి మందు సులువు: తెచ్చిన మొక్కను రెండు వారాలు చెట్టు నీడలో ఉంచండి. నాటే రోజు ముద్దను బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా, ఓ 20 నిమిషాలు ముంచండి. పైపొర అంగుళం మందం మట్టిని వేళ్లు తెగకుండా నెమ్మదిగా రాల్చి, అప్పుడు పెట్టండి. మొదటి నెల నీళ్లు మొదలు దగ్గరే పోయాలి. తర్వాత నెలకు అరడుగు చొప్పున బయటికి జరపాలి, వేరు నీళ్ల వెంట పాకుతుంది.

చూడాల్సిన చోట్లు

వీధి తిరిగాక కాస్త దూరం వెళ్లండి. ఒక్కో చోటుకు ఒక్కో పని పెట్టుకుని వెళ్తేనే లాభం, ఊరికే తిరిగి ఫొటోలు తీస్తే మళ్లీ మొదటికే వస్తారు.

జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కుకు మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి వెళ్లండి. అది మన దక్కన్ పొడి అడవి. బండల సందుల్లో ఏ పొద ఎలా కూర్చుంది, నీళ్లు ఎటు జారి ఎక్కడ ఆగాయి, ఆ ఆగిన చోట ఏం పెరిగిందో చూడండి. మీ స్థలంలో పెద్ద గ్రానైట్ బండ ఉండి దాన్ని పగలగొట్టిద్దామనుకుంటుంటే దయచేసి ఆగండి. డబ్బు పెట్టి కొందామన్నా దొరకని అందం అది. బండ పల్లం వైపు, వాన నీళ్లు జారే చోట దేవగన్నేరు ఒకటి, దాని కింద రెయిన్ లిల్లీ గడ్డలు పెడితే ఆ మూల తయారైనట్టే.

కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కు వెళ్తే చెట్టు పూర్తి సైజు చూడటానికి వెళ్లండి. నర్సరీలో రెండడుగులున్న మొక్క పదేళ్లకు ఎంత అవుతుందో అక్కడ తెలుస్తుంది. అడుగులు వేసి కొమ్మల వెడల్పు కొలవండి. పొగడ, రేల, సంపెంగ మీ 15 అడుగుల్లో పడతాయా లేదా అన్నది కొలిస్తేనే నమ్మకం కుదురుతుంది.

ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర చూడాల్సింది క్రమం. తిన్నని దారి, రెండు పక్కలా ఒకే రకం మొక్క మళ్లీ మళ్లీ, మధ్యలో ఖాళీ. బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి అంటూ పేర్లలోనే తోటలున్న నగరం మనది. ఆ పాత తోటల పద్ధతి మీ ఇంటి ముందు మిగిలే 450 చదరపు అడుగుల జాగాకు కూడా సరిపోతుంది: రకాలు తక్కువ, ఒక్కో రకం ఎక్కువ. 40 రకాలు ఒక్కొక్కటి చొప్పున పెడితే నర్సరీలా ఉంటుంది. 8 రకాలు అయిదేసి పెడితే తోటలా ఉంటుంది.

పండ్ల మొక్కల కోసమైతే సంగారెడ్డి ఫల పరిశోధన స్థానం. అంటు మొక్కలు ఏ రోజుల్లో ఇస్తారో ముందే కనుక్కుని వెళ్లాలి. నెక్లెస్ రోడ్ పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెట్టినప్పుడు తప్పకుండా వెళ్లండి. కానీ మొదటిసారి చేతిలో పుస్తకమే ఉండాలి, సంచీ వద్దు. పేర్లు రాసుకుని ఇంటికొచ్చి, ఎండ కాగితం మీద వాటికి చోటుందో లేదో చూసి, మర్నాడు వెళ్లి కొనండి.

పాత పెరళ్లను కూడా వదలొద్దు. ఊళ్లో మీ అమ్మమ్మగారి ఇంటి పెరడు గుర్తుచేసుకోండి. గిన్నెలు కడిగిన నీళ్లు పోయే చోట అరటి, చెయ్యి చాపితే అందేలా వంటింటి గుమ్మం పక్కన కరివేపాకు, పూజ పూలు ఇంటి ముందు, తీగ కూరలు పందిరి మీద. నడక, నీళ్లు, నీడ మూడూ లెక్కేసి పెట్టిన ఏర్పాటది. ఇంతకంటే మంచి డిజైన్ పుస్తకం నాకు తెలియదు.

ఇంకొకటి బతుకమ్మ. ఆ పళ్లెంలోని గునుగు, తంగేడు, బంతి, కట్ల పూలు, గుమ్మడి పూలు అన్నీ మన నేలలో మన వానకే పూసేవి. పండగయ్యాక పొలం గట్ల మీద ఎండిన గునుగు కంకులు దులిపి విత్తనం దాచుకుంటే, జూన్ ఆఖరులో చల్లినవి మళ్లీ పండగకు పూస్తాయి. తంగేడు నారు తీసి నాటితే సరిగా బతకదు. గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టిన గింజను ఉండాల్సిన చోటే గుచ్చాలి.

ఫోన్లో ఫొటోలు

వాటిని పారేయనక్కర్లేదు. ఫొటో నుంచి మొక్క పేరు తీసుకోకండి, ఆకారం తీసుకోండి. ఎత్తు ఎంత, గుబురా నిలువా, ఆకు సన్నమా వెడల్పా, దారి ఎంత వెడల్పు, ఖాళీ ఎక్కడ వదిలారు అన్నవి చూడండి. తర్వాత ఆ ఆకారం ఇచ్చే మన మొక్క వెతకండి. లావెండర్ వరుస నచ్చిందా, ఆ చోట రుయెల్లియా లేదా ఏంజెలోనియా పెట్టండి. హైడ్రాంజియా గుత్తులకు బదులు నూరువరహాలు, పెంటాస్. కత్తిరించిన బాక్స్‌వుడ్ కంచె చోట కామిని, దాని పూల వాసన అదనం. ట్యులిప్‌ల చోట రెయిన్ లిల్లీ, నేలసంపెంగ. నీడలో వెడల్పాకుల హోస్టాల చోట స్పైడర్ లిల్లీ, సింగోనియం. మేపుల్ లాంటి ఒంటి చెట్టు కావాలంటే పారిజాతం.

దాచిన ప్రతి ఫొటోకు ఒక్క వాక్యం రాయండి: ఇది నాకెందుకు నచ్చింది? "మెట్ల పక్క కుండీలు ఎత్తు తగ్గుతూ ఉన్నాయి", "బెంచీ వెనక గోడ కనబడటం లేదు" ఇలా. వాక్యం రాయలేకపోతే ఆ ఫొటో తీసేయండి. చివరికి పది పన్నెండు మిగులుతాయి, వాటిలో ఒకే సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అదే మీకు నిజంగా కావాల్సింది.

మీ స్థలానికి

ముందు భాగం. 45 అడుగుల్లో కారుకు 15 పోతే 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు మిగులుతుంది. అంటే 450 చదరపు అడుగులు, 50 గజాలు. తూర్పు కాబట్టి పొద్దుటి ఎండ బాగా వస్తుంది, మధ్యాహ్నం రెండు దాటేసరికి ఇంటి నీడ కమ్ముతుంది. ఈ ఊళ్లో తోటకు ఇంతకంటే మంచి జాగా ఉండదు. దీనంతటికీ లాన్ వేద్దామని ఉంటుంది, కానీ లెక్క చూడండి. 50 గజాలంటే సుమారు 42 చదరపు మీటర్లు. ఎండాకాలం చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లు పోసినా 210 లీటర్లు, మూడు నెలలకు దాదాపు 19 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. బోరు అడుగంటే నెలల్లో ఇది భరించలేం. పిల్లలు ఆడుకోవడానికి 10 అడుగులకు 12 అడుగుల ముక్క చాలు, దానికి రోజుకు 55 లీటర్లతో సరిపోతుంది.

కాంపౌండ్ గోడ వెంట 4 అడుగుల వెడల్పు మడి తీయండి, 30 అడుగుల పొడవునా. ఒకటిన్నర అడుగు లోతు తవ్వితే 180 ఘనపుటడుగుల మట్టి వస్తుంది. రాళ్లూ సిమెంటూ ఏరేస్తే మూడో వంతు పోయిందనుకోండి. దాని బదులు 60 ఘనపుటడుగుల ఎర్రమట్టి, పైన 30 ఘనపుటడుగుల బాగా చివికిన పశువుల ఎరువు (సుమారు 25 సిమెంటు సంచులు), 10 కిలోల వేపపిండి కలపండి. ఎరువు నల్లగా, మట్టి వాసనతో ఉండాలి. పచ్చి పేడ వేస్తే ఎర్రనేలలో చెదలు పిలిచినట్టే.

గోడ పక్క వరుసలో నాలుగడుగులకొకటి చొప్పున 7: నందివర్ధనం, మందారం మార్చి మార్చి. వాటి ముందు రెండడుగులకొకటి 15 నూరువరహాలు, ఒకే రంగు. అంచున అడుగుకొకటి రెయిన్ లిల్లీ గడ్డలు, బతుకమ్మ ముందు వాటి మధ్య బంతి. మడిని దారి కంటే రెండంగుళాలు పల్లంగా ఉంచండి, వాన నీళ్లు మడిలోకి జారతాయి. చాలామంది మడిని ఎత్తుగా కట్టి చుట్టూ ఇటుకలు పేరుస్తారు. నీళ్లు ఇంకని నేలకైతే అది సరే, ఇంకే నేలలో పడిన వానంతా రోడ్డుపాలవుతుంది.

దారికి తాండూరు బండలు, మూడడుగుల వెడల్పు, కింద రెండంగుళాల ఇసుక. సిమెంటు పోయొద్దు, సందుల్లోంచి నీళ్లు ఇంకాలి. ఉత్తరం చివర, గోడకు 7 అడుగుల దూరంలో ఒక పారిజాతం. ముందు భాగం ఇంతే. ఇంకా ఖాళీగా ఉందే అనిపిస్తుంది, రెండేళ్లు ఆగండి.

పడమర వెనక భాగం కష్టమైన జాగా. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఎండ గోడను కాలుస్తుంది, రాత్రి పడకగది ఆ వేడిని కక్కుతుంది. ఇక్కడ తోట పని గోడకు నీడ పట్టడం. గోడకు 9 అంగుళాల దూరంలో జీఐ పైపు నిలువులు 8 అడుగులకొకటి పాతి, అడుగుకొక వరుస జీఐ తీగ లాగి రాధామనోహరం ఎక్కించండి. గోడకూ తీగకూ మధ్య గాలి ఆడటం ముఖ్యం. నేరుగా గోడకు అతుక్కునే తీగలు పెయింటును, పగుళ్లను పాడుచేస్తాయి. రాధామనోహరం ఏడాదికి రెండుసార్లు గట్టిగా కత్తిరించకపోతే మేడెక్కి పక్కింట్లోకి దిగుతుంది, అది ముందే తెలిసి పెట్టుకోండి. కాంపౌండ్ గోడ వైపు 8 అడుగులకొకటి నిమ్మ (బాలాజీ రకం), జామ, బాలానగర్ సీతాఫలం, కరివేపాకు. గుంత రెండడుగుల ఘనం, ఒక్కోదానికి 10 కిలోల ఎరువు, అర కిలో వేపపిండి. సీతాఫలం ఎండాకాలానికి ఆకు రాల్చేస్తుంది, చచ్చిందనుకుని పీకేయొద్దు. గిన్నెల నీళ్లు వచ్చే చోట అరటి పిలక ఒకటి. ఈ 8 అడుగుల్లో మామిడి ఆశ వద్దు. ఏ చెట్టయినా సంపుకూ సెప్టిక్ ట్యాంకుకూ 10 అడుగులు ఎడంగా ఉండాలి.

ఉత్తరం సందుకు స్పైడర్ లిల్లీ, సింగోనియం, తమలపాకు. ఏప్రిల్ 25 నుంచి వానలు పడేదాకా పైన 50 శాతం షేడ్ నెట్ కట్టండి. దక్షిణం సందులో అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా గ్రో బ్యాగుల్లో పాలకూర, మెంతికూర, టమాట, వంగ.

నీళ్లు

నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో బోరు నీళ్లు చూడండి. 500 లోపు నిశ్చింత. 1000 దాటితే కుండీల అంచున తెల్లటి పొర, నూరువరహాల, మందారం లేతాకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉండటం కనిపిస్తాయి. అది ఇనుము అందకపోవడం. నేలలో ఇనుము లేక కాదు, క్షారం ఎక్కువై వేరు తీసుకోలేక. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లండి, పది రోజులకొకసారి, మూడుసార్లు. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, ఈ మొక్కలకు అవి పోయండి. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లు మాత్రం కుండీలకు వద్దు, ఉన్న ఉప్పంతా అందులోనే పోగవుతుంది.

మడికి 16 మి.మీ. డ్రిప్ లాటరల్ (సన్న పైపు), పెద్ద పొదకు గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లు రెండు, చిన్నదానికి గంటకు 2 లీటర్లది ఒకటి. ఎండాకాలం రోజూ తెల్లవారుజామున 45 నిమిషాలు, చలికాలం రోజు విడిచి రోజు 20 నిమిషాలు. ఫిల్టర్ తప్పనిసరి. 15 రోజులకోసారి లైను చివర మూత తీసి నీళ్లు వదలండి, లేకపోతే బోరు సున్నం డ్రిప్పర్లను మూసేస్తుంది. మడి మీద మూడంగుళాల ఎండుటాకు పరచండి, మొదలు నుంచి రెండంగుళాలు వదిలి.

మీ కప్పు 1,300 చదరపు అడుగులు అనుకుంటే, సుమారు 800 మి.మీ. వానకు అయిదో వంతు వృథా తీసేసినా ఏడాదికి 75 వేల లీటర్ల పైనే దిగుతుంది. ఆ పైపు రోడ్డు మీదకు వదిలి తోటకు ట్యాంకర్ కొనడం బాధగా ఉంటుంది. మేలోగా ఇంకుడు గుంత చేయించండి: 4 అడుగుల చదరం, 6 అడుగుల లోతు, అడుగున 40 మి.మీ. కంకర, దాని మీద 20 మి.మీ. కంకర, పైన ముతక ఇసుక. బోరుకు దగ్గరగా, పునాదికి దూరంగా. పై ఇసుక పొర ఏటా ఒకసారి తీసి కడగాలి, లేకపోతే రెండేళ్లకు నీళ్లు దిగడం ఆగిపోతుంది.

వద్దనేవి కొన్ని

కోనోకార్పస్ కంచె వద్దు, త్వరగా పెరుగుతుందని అమ్ముతారు కానీ వేరు నీటి పైపుల్లోకి దూరుతుంది. గోడ పక్క ఫైకస్ కూడా అంతే. ప్లాస్టిక్ గడ్డి మేలో చెప్పుల్లేకుండా అడుగుపెట్టలేనంత కాలుతుంది. ప్లాస్టిక్ షీటు పరిచి తెల్ల గులకరాళ్లు పోస్తే ఆ వేడికి పక్క మొక్క ఆకు మాడుతుంది, వాన ఇంకదు. నర్సరీలో నిండా పూసిన మొక్క కొనొద్దు. మొగ్గలున్నది, కవరు అడుగున వేరు చుట్టుకుపోనిది తీసుకోండి. పిండినల్లి ఉందేమో ఆకుల కణుపుల్లో చూడండి, ఒక్క మందారంతో ఇంటి మొత్తానికి వస్తుంది. వస్తే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, ఒక మి.లీ. సబ్బు ద్రవం కలిపి సాయంత్రం, వారానికోసారి.

వరుస ఇది: ఫిబ్రవరి, మార్చిలో కొలతలు, గుంత పరీక్ష. ఏప్రిల్, మేలో తిరగడం, మడి తవ్వి ఎరువు కలిపి వదిలేయడం, ఇంకుడు గుంత, తీగ పందిరి. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక, నేల జానెడు లోతు తడిశాక, ముందు భాగం మడి ఒక్కటే నాటండి. పడమర చెట్లు జూలైలో. మిగతావి, మొదటి మడి ఒక ఎండాకాలం దాటాక.

మిగిలిన ఆ 12 మొక్కలు ఏవో, ఏ దిక్కున ఉన్నాయో రాయండి, బోరు నీటి టీడీఎస్ కూడా. అవి ఇప్పటికే ఒక మే దాటాయి కాబట్టి, మడిలో ఏ రకాలు పెంచాలో వాటిని బట్టి మార్చి చెప్తాను.